కేటలాగులో లేని బండి

సోమవారం పొద్దున డ్రైవరు యెహోషువ పెట్టుకున్న పని చాలా చిన్నది. మిషను లారీని కడగాలి, చక్రాలకు గాలి చూడాలి, శనివారం దాకా దాని మీద కోళ్ళు ఎక్కకుండా చూసుకోవాలి. అంతే.

శనివారం నెల్లూరు నుంచి మిషను ఆసుపత్రి కమిటీ తరఫున ఒకరు కోట గ్రామానికి వచ్చి ఆ లారీని చూస్తారని ఉత్తరం వచ్చింది. చూడదగ్గదిగా ఉంటే ఈ డిసెంబరులో, అంటే 1964 క్రిస్మసుకు ముందు జరిగే ఆసుపత్రి ఊరేగింపులో అది అందరికన్నా ముందు నడుస్తుంది. లేకపోతే పాత ఇనుము కొనేవాళ్ళకు పోతుంది. యెహోషువ ఆ లారీని ముప్పై నాలుగేళ్ళుగా నడుపుతున్నాడు. ఉత్తరం విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

అతను తొట్టిలో నీళ్ళు ముంచేలోగా బడి పెద్దయ్యవారూ సంఘ కార్యదర్శీ అయిన క్రీస్తుదాసు గారు వచ్చారు. ఆయన చంకలో ఒక పలచని పాత పుస్తకం ఉంది. మిషను బంగళాలోని పెట్టెలో దొరికిందట. లారీ తయారుచేసిన కంపెనీవాళ్ళ కేటలాగు.

"ఏంది యెహోషువన్నా, కడిగితే సరిపోతుందనుకున్నావా? ఇది లారీనా, బొంతా?" అన్నారు.

ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కాదు. కంపెనీ పంపిన పైకప్పు గాలివానకు లేచిపోతే, దాని స్థానంలో జాలర్ల పల్లె పట్టపుపాళెం నుంచి మాలకొండమ్మ ఇచ్చిన తెరచాప గుడ్డ ఉంది. అడుగు పలకలు ఉప్పుగాలికి చివికిపోతే, రైతు పద్మనాభయ్య ఇచ్చిన చెక్కలు ఉన్నాయి. రేడియేటరుకు మరచెంబు మెడ కోసి అతికించి, ఆ చెంబు మూతనే బిగించారు. వీటన్నిటి మీద పడవలకు వేసే నీలం రంగు పూశారు.

"కమిటీవాళ్ళు చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు అసలైన కంపెనీ బండి కావాలి. ఈ పుస్తకంలో లేనిదేదీ దాని మీద ఉండకూడదు" అన్నారు క్రీస్తుదాసు గారు.

యెహోషువ పుస్తకంలోకి తొంగి చూశాడు. "అట్టయితే నేను గూడా దిగాల అయ్యవారూ. నేను ఆ పుస్తకంలో లేను."

"డ్రైవరు బొమ్మ ఉంది. టోపీ పెట్టుకొని ఉన్నాడు. నువ్వూ ఒకటి కుట్టించుకో."

"మరి ఈ చెక్కలు, మూత తీసేస్తే అసలైనవి యాడ్నించి వస్తాయి?"

"ముందు నకిలీవి పోనీ. మిగతాది తర్వాత చూద్దాం. మిషను సంగతులు నాకు చెప్పొద్దు. నేను నెల్లూరు ఆసుపత్రిలో పుట్టినవాణ్ణి."

ఆ మాటకు యెహోషువకు దగ్గు వచ్చింది. అది చాలాసేపు తగ్గలేదు.

మంగళవారం అన్నీ ఊడదీశారు, రేడియేటరుకు అతికించిన మరచెంబు మెడ మాత్రం ఊడి రాలేదు. బుధవారం రంగు దగ్గర తగాదా వచ్చింది. కొత్తలో బండి ఆకుపచ్చగా ఉండేదని యెహోషువ అన్నాడు. కేటలాగులో బొమ్మ నలుపు తెలుపు. అందుకని అసలు రంగు బూడిద రంగేనని క్రీస్తుదాసు గారు తేల్చారు.

"నా కళ్ళతో చూసినాను అయ్యవారూ."

"నీ కళ్ళు కంపెనీవా? పుస్తకం కంపెనీది." ఆ రోజే బూడిద రంగు వేశారు.

ఊడదీసిన సామాను చర్చి వాకిట్లో కుప్పగా పడింది. "ఎవరిచ్చినవి వాళ్ళకు అప్పజెప్పు. శనివారానికి ఇక్కడ ఒక మేకు కూడా కనపడకూడదు" అన్నారు క్రీస్తుదాసు గారు.

యెహోషువ కుప్పకు అడ్డంగా నిలబడ్డాడు. "అవి కానుకలయ్యా!"

"కానుకలు పళ్ళెంలో వెయ్యాలి. రేడియేటరు మీద కాదు."

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. చావు తప్పి బయటపడినవాళ్ళు కృతజ్ఞతా కానుక ఇస్తారు. ఆ లారీ ఎక్కి ఆసుపత్రికి పోయి బతికి వచ్చినవాళ్ళు లారీకే ఇచ్చారు. ఆ వారం దానికి ఏది లోటుగా ఉంటే అది ఇచ్చారు. హిందువులూ ఇచ్చారు, క్రైస్తవులూ ఇచ్చారు. ఒకసారి ఇచ్చిన కానుక వెనక్కి రాదు. వచ్చిందంటే ఇచ్చిన చేతిలో ఏదో దోషం బయటపడినట్టే.

గురువారం యెహోషువ తల వంచుకొని, తోపుడుబండి నెట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు.

పద్మనాభయ్య తన చెక్కలు చూసి అరుగు మీద కూలబడ్డాడు. "ఎవురు చెప్పినారు వాళ్ళకి?" అన్నాడు నీరసంగా.

"ఏంది చెప్పేది?"

"నా పెళ్ళాన్ని పాము కరిస్తే ఈ బండే గదా కాపాడింది. టేకు చెక్కలిస్తానని అందరి ముందర మొక్కుకున్నా. ఇచ్చింది మాత్రం వేపవి. ఇన్నేళ్ళకి కనిపెట్టినారే!"

యెహోషువ కాదని చెప్పేలోగానే ఆయన పాలేరును టేకు కోసం గూడూరు పంపేశాడు.

మాలకొండమ్మ తెరచాప గుడ్డను తిప్పి చూసి ముక్కు చీదింది. "చినిగిపోయిన చాపని అప్పుడే తెలుసన్నా నాకు. నా బిడ్డకి విషజ్వరం తగ్గిన సంతోషంలో ఏదుంటే అదిచ్చినా. దేవుడికి లెక్క తెలీదనుకున్నా. కొత్తది పంపిస్తాలే, కోపం తగ్గించుకోమని చెప్పు."

"కోపం గాదమ్మా, కేటలాగు."

"ఆయనెవురు? కొత్త పాస్టరా?"

సాయంత్రానికి ఊరంతా కలవరం మొదలైంది. కానుకలు వెనక్కి వస్తున్నాయని విన్నవాళ్ళు తమవి ఇంకా రాలేదని సంతోషించలేదు. రాకముందే సరిచేసుకోవాలనుకున్నారు. శుక్రవారం పొద్దుటికి చర్చి వాకిట్లో టేకు పలకలు, కొత్త తెరచాప, రెండు లాంతర్లు, ఒక ఎద్దుల మెడపట్టెడ, ఎవరిదో తెలియని కుట్టుమిషను వచ్చి చేరాయి. తీసేసిన కుప్ప కన్నా ఇది పెద్దది.

అన్నిటికన్నా కష్టమైన అప్పగింత క్రీస్తుదాసు గారి ఇంట్లోనే జరిగింది. మరచెంబు మూత ఆయన తల్లి రెబెక్కమ్మది. గురువారం ఆయన బడిలో ఉన్నప్పుడు యెహోషువ దాన్ని ఆమె చేతిలో పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చేశాడు. ఆ పూట క్రీస్తుదాసు గారు ఇంటికి వస్తే పొయ్యి చల్లగా ఉంది.

"అమ్మా, అన్నం?"

జవాబు లేదు. మర్నాడు కూడా లేదు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. శనివారం దాకా అరటిపళ్ళు తిని గడిపారు.

శుక్రవారం మధ్యాహ్నం బండిని నడిపి చూశారు. అది పది గజాలు పోయి ఆగింది. మూత లేని రేడియేటరులోంచి వేడినీళ్ళు ఎగజిమ్మి యెహోషువ కొత్త టోపీ మీద పడ్డాయి.

"ఇదేనా అయ్యవారూ, కంపెనీ బండి?" అని అతను అమాయకంగా అడిగాడు.

శనివారం పొద్దున పది గంటల బస్సులో నుంచి తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ గొడుగుతో దిగింది. కమిటీ మనిషి ఆవిడే. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఏసుమణి గారు. ఆవిడ బూడిద రంగు బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. అడుగు పలకలు లేవు, పైకప్పు లేదు. 

"బండి బాగుందిలే. నాది ఏది?" అంది ఆవిడ.

"ఇదేనండీ! అచ్చం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే చేశాం" అని క్రీస్తుదాసు గారు కేటలాగు చూపించారు.

ఆవిడ దాన్ని చూడలేదు. "ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి రెండేళ్ళకే చచ్చిపోయిందబ్బయా. ఆ తర్వాత నడిచింది ఈ ఊరోళ్ళు చేసిన బండి. నేను రోగుల్ని ఎక్కించుకొని తిరిగింది దాంట్లో. దాన్నేం చేసినారు?"

క్రీస్తుదాసు గారు కేటలాగు మూసేశారు. అప్పుడే జనం దారి ఇచ్చారు. రెబెక్కమ్మ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మరచెంబు మూత ఉంది. రెండు రోజులుగా చింతపండుతో తోమిందేమో, పాత రంగంతా పోయి తళతళలాడుతోంది. దాన్ని తీసుకొచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"చదువుకున్నోడివి గదా. చదువు."

మూత మీద చుక్కలతో అక్షరాలు చెక్కి ఉన్నాయి. క్రీస్తుదాసు గారు పైకే చదివారు. "క్రీస్తుదాసు పుట్టినందుకు దేవునికి."

"నొప్పులతో నెల్లూరికి పోతా ఉంటే ఈ బండి మూత యాడనో పడిపోయింది. నీళ్ళు కారిపోయి బండి దారిలో నిలిచిపోయింది. నా మరచెంబులో తాగే నీళ్ళు దాంట్లో పోసినారు. నువ్వు ఆగలేదు" అంది తల్లి.

"ఎండ మండిపోతా ఉండింది. ఆ వేప చెక్కల మీదనే పుట్టినావు. నిన్ను పట్టుకుంది ఈ చేతులే" అంది ఏసుమణి గారు.

క్రీస్తుదాసు గారు యెహోషువ వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"దారిలో పుట్టిన సంగతి నామోషీ అని, ఎవురికీ చెప్పొద్దని అమ్మ మాట తీసుకున్నింది అయ్యవారూ. ఇన్నేళ్ళూ దగ్గుతానే ఉండా."

క్రీస్తుదాసు గారు మూతను వెలుగుకు తిప్పి అక్షరాలు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత చొక్కా కొసతో దాన్ని తుడిచి, తానే రేడియేటరు మీద పెట్టి తిప్పారు. అది మూడు చుట్లు తిరిగి గట్టిగా బిగిసింది. ఆయన కళ్ళు తడిశాయి. వేడి ఆవిరి తగిలిందని చెప్పారు. ఇంజను మాత్రం అప్పటికి ఇంకా స్టార్టు చేయలేదు.

ఆ తర్వాత అందరూ కలిసి పాతవన్నీ మళ్ళీ బిగించారు. పద్మనాభయ్య టేకు పలకలే వేయాలని పట్టుబట్టాడు. "ముప్పై ఏళ్ళు మోసింది వేపే. దానికి మర్యాద చెయ్యి" అని ఏసుమణి గారు ఆయన నోరు మూయించింది. టేకుతో బడికి బల్లలు చేయించారు. కొత్త తెరచాప మాలకొండమ్మ పడవకే వెళ్ళింది. కుట్టుమిషను ఎవరిదో చివరికీ తెలియలేదు. దాని మీద యెహోషువ భార్య కరుణాకుమారి టోపీని విప్పి సంచీ కుట్టింది.

ఇంటికి వెళ్ళేటప్పటికి క్రీస్తుదాసు గారి వాకిట్లోకే చేపల పులుసు వాసన వచ్చింది. ఆ రోజు ఆయన ప్రార్థన మామూలు కన్నా పొడుగ్గా చేశారు. అందులో ఒక డ్రైవరు పేరు, ఒక నర్సు పేరు ఉన్నాయి. పులుసు చల్లారిపోతున్నా రెబెక్కమ్మ ఏమీ అనలేదు.

డిసెంబరులో ఊరేగింపు ముందు ఆ బండే నడిచింది. పడవల నీలం ఒకవైపుకే సరిపోయింది, రెండోవైపు బూడిదగానే ఉంది. ఎడమ తలుపు ఒకటే గడగడలాడుతుంటే క్రీస్తుదాసు గారు కేటలాగును నాలుగు మడతలు పెట్టి సందులో ఇరికించారు. బండి మీద కంపెనీవాళ్ళ సరుకు ఒక్కటైనా సరిగ్గా పనిచేసింది.