కోడలి కోడలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు స్నానానికి వెళ్లగానే కంప్యూటర్ తెరిచి, సూపర్‌వైజర్ పోస్టుకు తన దరఖాస్తు పంపేయాలి. ఇద్దరూ పనిచేసేది ఒకే చోట, హోటళ్ల దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే పెద్ద లాండ్రీలో. అత్తగారిది ఇస్త్రీ, కోడలిది ప్యాకింగ్. ఆ పోస్టు తనదేనని అత్తగారు నెల నుంచీ ఇంట్లో ప్రకటిస్తూనే ఉంది. తానూ ఆశపడుతున్నానని చెప్పడానికి కోడలికి నోరు రాలేదు. భర్త చెవిన మాత్రం వేసింది.

“నన్ను ఇందులోకి లాగకు. నేను ఇద్దరి చేతి వంటా తినేవాణ్ణి,” అని అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

దరఖాస్తులకు ఆ రోజే ఆఖరు. కోడలు ఇలా కూర్చుందో లేదో, స్నానానికి వెళ్లాల్సిన అత్తగారు కుర్చీ లాక్కుని పక్కన చేరింది.

“అమ్మాయ్, నా బయోడేటా, దానిమీద పెట్టే ఉత్తరం కాస్త బాగుచేసి పెట్టు. పోయినసారి నేను రాసింది చూసి సెలవు చీటీ అనుకున్నారు.”

అత్తగారు చెబుతుంటే కోడలు టైపు చేసింది. ముప్పై మూడేళ్ల అనుభవం. మరక ఎంత చిన్నదైనా పట్టేయడం. పని నచ్చకపోతే మళ్లీ చేయించడం. ఇవన్నీ ఇంట్లో రోజూ అనుభవిస్తున్నవే కాబట్టి మాటల కోసం తడుముకోవలసిన అవసరం రాలేదు.

“ఇంకోటి రాయి. ఏ పనీ రాని కోడలిని కూడా దగ్గరుండి దారిలో పెట్టాను.”

“అది అవసరమా అత్తయ్యా?”

“అదే అసలు అర్హత.”

కోడలు పళ్లు బిగించి అదీ కొట్టింది. అత్తగారు లేచి వెళ్లాక ఎందుకో, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇస్త్రీ నేర్చుకుంటూ తాను కాల్చేసిన హోటల్ దుప్పటి గుర్తొచ్చింది. ఆ తప్పు తనదేనని ఒప్పుకుని అత్తగారు మేనేజరు చేత చీవాట్లు తింది. ఇంటికొచ్చాక వాటిని వడ్డీతో సహా కోడలికి అప్పజెప్పింది, అది వేరే సంగతి. ‘కొత్తవాళ్లు తప్పు చేస్తే ముందు నా మీద వేసుకుంటాను, తర్వాత నేర్పుతాను’ అని ఎవరూ అడక్కుండానే ఒక వాక్యం చేర్చింది. ఉత్తరం భేషుగ్గా కుదిరింది.

తీరా తన ఉత్తరం మొదలుపెడితే ఒక్క ముక్క తోచలేదు. తన గొప్పలు తాను చెప్పుకునే అవకాశం ఆమెకు ఆ ఇంట్లో ఎన్నడూ దొరకలేదు మరి. ఇంతలో “బస్సు పోతుంది” అని గుమ్మంలోంచి కేక. కోడలు అత్తగారి ఉత్తరాన్నే నకలు తీసి, పేరు మార్చి, ఇస్త్రీ అన్నచోట ప్యాకింగ్ అని దిద్ది, రెండూ పంపేసి పరిగెత్తింది.

మధ్యాహ్నానికల్లా లాండ్రీలో గాలి మారింది. నిన్నటిదాకా “ఏమే” అని పిలిచిన ప్యాకింగ్ నేస్తం “ఏమండీ” అంది. ఇంకొకామె కుర్చీ తెచ్చి వేసింది.

“నిలబడకండి. మోకాళ్లు పాడవుతాయి.”

ప్రమోషన్ కబురు పొక్కినట్టుందని కోడలు లోలోపల పొంగిపోయి హుందాగా కూర్చుంది.

“మొహానికి ఏం రాస్తారండీ? మాకూ చెబుదురూ,” అని నేస్తం చెవిలో అడిగింది.

“ఏమీ లేదు. సబ్బే,” అంది కోడలు, అధికారికి తగిన వినయంతో. గంట తిరగకుండా ఆ సబ్బు పేరు లాండ్రీ అంతా పాకింది.

తర్వాత ఆఫీసు గుమాస్తా వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

“రిటైర్మెంట్ ఫారం అండీ. ఎలాగూ దగ్గర పడింది కదా అని తెచ్చాను. వయసు దగ్గర ఖాళీ ఉంచండి, దాని గురించి మేనేజరుగారు మాట్లాడతారట.”

మేనేజరు నిజంగానే మాట్లాడాడు.

“మా రికార్డులో మీకు ఇరవై ఏడేళ్లు. ఉత్తరంలో ముప్పై మూడేళ్ల అనుభవం. అంటే మీరు పుట్టకముందే ఆరేళ్లు పనిచేశారు. రెంటిలో ఏది అబద్ధమైనా పోస్టు సంగతి అటుంచండి, ఉన్న ఉద్యోగానికే ముప్పు. సరే, దారిలో పెట్టిన ఆ కోడలు ఎక్కడుంది?”

“మా అబ్బాయికి నాలుగేళ్లండీ,” అంది కోడలు. అప్పుడు గాని ఆమెకు తాను నకలు తీసిందేమిటో వెలగలేదు. కానీ ఇంటి పెద్దను అడిగి తేల్చుకుందామని మేనేజరు అప్పటికే అత్తగారికి కబురంపాడు.

అత్తగారు ఇస్త్రీ వేడికి ఎర్రబడిన మొహంతో వచ్చింది. ముందు పెట్టిన రెండు ఉత్తరాలనూ కళ్లజోడు తగిలించుకుని తాపీగా చదివింది. పోయేది ఉద్యోగమో, ఇంట్లో కాపురమో తేల్చుకోలేక కోడలు నేలచూపులు చూస్తూ నిలబడింది.

“ఇందులో ప్రతి ముక్కా నేను చెప్పిందే,” అంది అత్తగారు చివరికి. “ఇదొక్కటి తప్ప.” తప్పు తన మీద వేసుకుంటానన్న వాక్యం దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగింది. “అయితే నువ్వు కూడా దరఖాస్తు పెట్టావా?”

“పెట్టాను అత్తయ్యా.”

“ముందే చెప్తే కొరుక్కు తింటానా?”

కోడలి దృష్టిలో కాస్త ఆలోచించుకోవలసిన ప్రశ్న అది.

విషయం అర్థమైన మేనేజరు గొంతు సవరించుకున్నాడు. “అనుభవం మీదని తేలింది కాబట్టి పోస్టు కూడా మీకే ఇద్దామనుకుంటున్నాను,” అన్నాడు అత్తగారితో.

“పని ఏముంటుందేమిటి?”

“హోటళ్ల నుంచి రోజూ ఫిర్యాదులొస్తాయి. అన్నిటికీ మర్యాదగా జవాబు రాయాలి.”

“మర్యాదగానా?” అత్తగారు కళ్లజోడు తీసేసింది. “అయితే దీనికే ఇవ్వండి. నా గురించే ఇంత మర్యాదగా రాయగలిగింది, హోటళ్ల వాళ్లొక లెక్కా?”

మర్నాటి నుంచి సూపర్‌వైజర్ కుర్చీలో కోడలు కూర్చుని సంతకాలు పెడుతోంది. ఎక్కడ పెట్టాలో అత్తగారు వెనక నిలబడి చెబుతోంది.