దత్తత వెళ్ళిన కుండీ

"ఈ నగరంలో ఇకమీదట ఒక్క చెత్తకుండీ కూడా అనాథగా మిగలడానికి వీల్లేదు!" అని పారిశుద్ధ్య శాఖ మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించారు. "ఇన్నాళ్ళూ కుండీలు ఎండకి ఎండి, వానకి తడిసి, నా అనేవాళ్ళు లేక వీధిన పడి ఉన్నాయి. అందుకే నిండి పొర్లుతున్నాయి. తప్పెవరిది? ప్రభుత్వానిదా? కాదు. ప్రేమ లేకపోవడానిది! ప్రతి పౌరుడూ ఒక కుండీని దత్తత తీసుకోవాలి. కుండీ మీ బిడ్డ, శుభ్రత మీ బాధ్యత!"

ఈ ఉపన్యాసాన్ని దర్జీ తన కొట్లో రేడియోలో విన్నాడు. చప్పట్లు కొట్టాలనే అనిపించింది గాని, ఒక చెయ్యి ముక్కు మీద ఉండటం వల్ల కుదర్లేదు.

దర్జీ కొట్టుకి మూడడుగుల దూరంలో పదిహేడో నంబరు కుండీ ఉంది. ఛాతీ ఎత్తు ఇనప కుండీ. చెత్త లారీ దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో దానికే తెలియాలి. ఆ వాసనకి దర్జీ అలవాటు పడగలిగాడు గాని అతని వృత్తి అలవాటు పడలేకపోయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఊపిరి బిగబట్టి లోపలికొచ్చేవాళ్ళు. టేపు చుట్టేసరికి ముప్పయ్యారు ఛాతీ ముప్పయ్యెనిమిది పలికేది. చొక్కా దానికి తగ్గట్టే కుదిరేది. ఇంటికెళ్ళి ఊపిరి వదలగానే చొక్కా కూడా వదులయ్యేది. "మాస్టారి చెయ్యి తప్పుతోందర్రా" అని ఊళ్ళో మాట పుట్టింది. సగం మంది అప్పటికే వెనకవీధి కొట్టుకి మళ్ళిపోయారు. మిగతా సగం కూడా పోతే మిషను మీద గుడ్డ కప్పి తాళం వేసుకోవడమే. ఆ కుండీ ఖాళీ చెయ్యండి మహాప్రభో అని రెండేళ్ళుగా మున్సిపల్ ఆఫీసుకి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. ఆఫీసువాళ్ళు ఒక్క అర్జీని కూడా కాదనలేదు. అంత మర్యాదస్తులు.

ప్రకటన వచ్చిన మూడోనాడు శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా కొట్టు ముందు స్కూటరాపారు. ఆయన పని మీద ఎంత శ్రద్ధగల మనిషంటే, వీధుల్లో తిరిగితే ఏకాగ్రత చెడుతుందని నగరాన్నంతా రిజిస్టర్లలోనే తనిఖీ చేస్తారు. అలాంటాయన బయటికి రావడం అంటే మాటలు కాదు.

"మాస్టారూ, అదృష్టం అంటే మీదే. పదిహేడో నంబరుని మీకే ఇప్పిస్తున్నా" అన్నారు.

"నాకెందుకు సార్? ఖాళీ చేయిస్తే చాలు."

"అదే చెప్తున్నా. దత్తత తీసుకుంటే మంత్రిగారు మీ కొట్టుకే వస్తారు. మంత్రిగారొచ్చే వీధిలో చెత్త ఉంటుందా? మీరే ఆలోచించుకోండి."

దర్జీ ఆలోచించుకున్నాడు. మాటలో మెలిక ఎక్కడా కనపడలేదు. సంతకం ఎక్కడ పెట్టాలన్నాడు.

కుండీల కోసం ఫారాలు ఇంకా అచ్చు కాలేదు. పని ఆగిపోకూడదని శిశుసంక్షేమ శాఖ నుంచి ఓ కట్ట అరువు తెచ్చారు. ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ బల్ల మీద ఫారం పరిచి కలం తీశారు. సరిగ్గా అప్పుడే దర్జీ భార్య భోజనం క్యారియరు పట్టుకుని వచ్చింది.

"బిడ్డ పేరు?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"ఏ బిడ్డ?" అంది ఆవిడ.

దర్జీ కళ్ళతోనే కుండీని చూపించాడు. ఆవిడ క్యారియరు కింద పెట్టింది.

"బాగుందండీ సంబడం! ఇద్దరాడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసి, ఇప్పుడు కాస్త నడుం వాలుద్దామనుకుంటే, కొడుకుని తెచ్చారా? అదీ నాకంటే లావుగా ఉన్నవాణ్ణి!"

"ఊరుకోవే. సర్కారు పని."

"సర్కారుకి పుడితే సర్కారే పెంచుకోవాలి. పేరు కావాలా? పెద్దోడని రాసుకోండి. ఆ పొట్ట చూస్తే ఇంకేం పేరు పెడతాం!"

పేరు దగ్గర 'పెద్దోడు' అని పడింది. తండ్రి పేరు దగ్గర దర్జీ పేరు. వయసు దగ్గర, కుండీ మీద పోతపోసిన సంవత్సరం చూసి వేళ్ళు మడిచి, 'పంతొమ్మిది' అని వేశారు. వృత్తి అన్న గడి దగ్గర ఇన్‌స్పెక్టరుగారు కాసేపు ఆగారు. ఖాళీగా వదిలితే పై ఆఫీసు తిప్పి పంపుతుంది. చెత్త అని రాస్తే శాఖకి చిన్నతనం. చివరికి 'ప్రజాసేవ' అని రాసి కలం మూత పెట్టారు.

మంత్రిగారు వచ్చే రోజుకి కుండీకి నీలం గుడ్డతో అంగీ కుట్టాలని ఆదేశం వచ్చింది. బిడ్డని ఒంటి మీద గుడ్డ లేకుండా ఎవరు మాత్రం దత్తతకిస్తారు? దర్జీ టేపు తీసుకుని కొలిచాడు. ఛాతీ, నడుము, సీటు మూడూ ఒకటే కొలత.

"ఈ కొలతలు ఎక్కడో రాసినట్టుందే" అన్నాడు తనలో తాను.

"ఇన్‌స్పెక్టరుగారి సఫారీకి" అంది భార్య, దారం తెంపుతూ.

ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఆ కుండీ ఊపిరి బిగబట్టలేదు. అంగీ అతికినట్టు కుదిరింది.

చెప్పిన రోజున మంత్రిగారు చెప్పిన టైముకే వచ్చారు. కుండీని ఖాళీ చెయ్యడానికి టైము చాలలేదు గాని, అంగీ భేషుగ్గా ఉండటంతో చెత్తంతా దాని కిందకి పోయింది. పైన రెండు సీసాల సెంటు కొట్టారు. లోపలి వాసనా పైన వాసనా కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది. దానికి ఇంకా పేరు పెట్టలేదు. మంత్రిగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కుండీ వీపు నిమిరి, "బాగా చదువుకో బాబూ" అన్నారు. పక్కనెవరో చెవిలో ఏదో చెప్పారు. "చదువుకోకపోయినా ఫర్వాలేదు, శుభ్రంగా ఉండు" అని సవరించారు. నాలుగు నిమిషాల్లో కార్యక్రమం ముగిసింది. కెమెరా వాళ్ళు చాలా బాగొచ్చిందన్నారు.

మర్నాడు పొద్దున్నే లారీ చప్పుడు వినపడింది. దర్జీ ప్రాణం లేచొచ్చింది. లారీ వచ్చింది, కుండీ పక్కనుంచే వెళ్ళింది, ఆగకుండా మలుపు తిరిగింది. దర్జీ చేతిలో కత్తెరతోనే పరిగెత్తాడు.

"అయ్యా, ఆపు! ఆపవయ్యా!"

డ్రైవరు తల బయట పెట్టాడు. "ఏంటి బాబాయ్, కత్తెర పట్టుకుని వెంటపడుతున్నావ్?"

"కుండీ ఎత్తవా?"

"అది మీవాడు కదా బాబాయ్. మేం మున్సిపాలిటీ కుండీలే ఎత్తాలి."

"అలాంటివి ఎన్నున్నాయేంటి?"

"ఒక్కటీ లేదు. అన్నీ దత్తతకి పోయాయి." డ్రైవరు హాయిగా నవ్వాడు. "రోజూ ఓ చుట్టు తిరిగొస్తున్నా. బండి ఎంత తేలిగ్గా పోతోందనుకున్నావ్! వాసనన్నదే లేదు."

దర్జీ ఆఫీసుకి పరిగెత్తాడు. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీ చూపించారు. కష్టంలో ఉన్నవాళ్ళని ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడరు.

"మాస్టారూ, దత్తతకిచ్చిన బిడ్డ విషయంలో కన్నవాళ్ళు జోక్యం చేసుకోకూడదు. చట్టం ఒప్పుకోదు. మాకు మాత్రం బెంగ ఉండదా? గుండె రాయి చేసుకుని అటు తిరిగి పడుకుంటున్నాం."

"సార్, నా కొట్టు మూతపడుతుంది సార్!"

"పిల్లలున్న ఇంట్లో ఇబ్బందులు ఉంటాయి మరి." ఆయన రిజిస్టరు తిప్పి చూపించారు. "ఇది చూడండి. నిండిపోయిన మున్సిపల్ కుండీలు, సున్నా. మొత్తం మున్సిపల్ కుండీలు, సున్నా. దేశంలో ఇంకెవరికైనా రెండు సున్నాలు వచ్చాయేమో అడగండి! శుభ్రతలో మొదటి ర్యాంకు మనదే. అందులో మీ పాత్ర ఎంతుందో మీకు తెలీదు."

దర్జీ ఇంటికెళ్ళి తన పాత్ర ఏమిటో భార్యకి చెప్పాడు. ఆవిడ అన్న మాటలు అచ్చేసేవి కావు.

ఆ నెలాఖరుకి వెనకవీధి కొట్టు ముందు జనం వరసకట్టారు. ఇక్కడ మిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ రోజంతా కూర్చుని కొడుకు వైపు చూస్తూ ఉండేవాడు.

అలా ఉండగా ఓ పొద్దున బంగారు అంచున్న కవరొకటి వచ్చింది. నగరానికి మొదటి ర్యాంకు వచ్చిన సందర్భంగా ఒక ఉత్తమ పౌరుణ్ణి ఎంపిక చెయ్యాలని కమిటీ వేశారు. కమిటీ పారిశుద్ధ్య శాఖని పేర్లు అడిగితే, శాఖ తన దగ్గరున్న ఫారాల కట్ట పంపింది. కమిటీ వాళ్ళు ఆ కట్టని మూడు రోజులు క్షుణ్ణంగా చదివారు. పంతొమ్మిదేళ్ళ యువకుడు. దర్జీ కొడుకు. వృత్తి ప్రజాసేవ. నేరచరిత్ర లేదు. ఏకగ్రీవంగా పెద్దోణ్ణి ఎంపిక చేశారు.

దర్జీ కవరు పట్టుకుని మళ్ళీ ఆఫీసుకెళ్ళాడు. "సార్, ఇది కుండీ సార్."

ఇన్‌స్పెక్టరుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి తలుపు దగ్గరగా వేశారు.

"మెల్లగా! మంత్రిగారు సంతకం పెట్టేశారు. ఆయన సంతకం పెట్టాక కుండీ అని ఎలా అంటాం? మీరే చెప్పండి, ఏ నోటితో అంటాం?"

"అయితే ఏం చేద్దామంటారు?"

"సభకి తీసుకొస్తాం. పెద్దమనుషుల మధ్యకి వస్తున్నాడు, కాస్త ఒళ్ళు కడగాలి, అంతే."

మర్నాడు లారీ వచ్చింది. ఆగింది! కుండీని ఖాళీ చేశారు, పైపు పెట్టి కడిగారు, రంగేశారు, అంగీ తొడిగారు, ఆరుగురు కలిసి లారీ ఎక్కించారు. లారీ వెళ్ళిపోయాక దర్జీ గుమ్మంలో నిలబడి నిండా ఊపిరి పీల్చాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే ఇద్దరు పాత ఖాతాదార్లు తొంగిచూసి, "బాగుందే ఇవాళ!" అని కొలతలిచ్చి వెళ్ళారు. ముప్పయ్యారంటే ముప్పయ్యారే.

సాయంత్రం సభకి తయారవుతుంటే భార్య అంది: "సభ అయ్యాక వాణ్ణి మళ్ళీ ఇక్కడే దింపుతారు కదండీ?"

దర్జీ చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు. ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

టౌన్‌హాలు కిటకిటలాడింది. "ఉత్తమ పౌరుడు, పెద్దోడు!" అని మైకులో పిలవగానే తెర తొలిగింది. మంత్రిగారు పతకం పట్టుకుని చిరునవ్వుతో ఇటు తిరిగారు. ఒక్క క్షణం మంత్రిగారూ కుండీ ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది మంత్రిగారే. పతకాన్ని మూత పిడికి తగిలించి, మైకు అందుకున్నారు.

"ఇదీ పౌరుడంటే! పంతొమ్మిదేళ్ళు ఒకేచోట నిలబడ్డాడు. ఎవరేమిచ్చినా తీసుకున్నాడు. ఇది కావాలనలేదు, అది వద్దనలేదు. ధర్నాకి కూర్చోలేదు. నన్నొక్క ప్రశ్న వెయ్యలేదు. ఇలాంటివాళ్ళు ఇంటికొకరుంటే నేను కళ్ళు మూసుకుని పరిపాలిస్తాను!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ముందు వరసలో కొందరు కళ్ళొత్తుకున్నారు. కన్నతండ్రిలాంటి పెంపుడు తండ్రి రెండు ముక్కలు మాట్లాడాలన్నారు.

దర్జీకి జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. కిందనుంచి భార్య గుడ్లురిమి చూస్తోంది. దాంతో మొదలుపెట్టాడు.

"అయ్యా, వీణ్ణి నా దగ్గర ఉంచుకునే అర్హత నాకు లేదు. నేను గుడ్డముక్కలు అతుక్కునేవాణ్ణి. వీడేమో ప్రజాసేవకుడు. వయసొచ్చింది. నా కొట్టు పక్కన నిలబెడితే వీడి బతుకు అక్కడితో ఆగిపోతుంది. తమరే దయతలిచి, తమ ఆఫీసులో ఏదన్నా ఉద్యోగం…"

హాలంతా లేచి నిలబడింది. ఆలోచించి ఉంటే మంత్రిగారు మెలిక పసిగట్టేవారేమో గాని, చప్పట్లు మోగుతుండగా ఆలోచించే అలవాటు ఆయనకి లేదు. "ఇచ్చాను!" అన్నారు. ఏ సెక్షన్లో ఖాళీ ఉందని ఇన్‌స్పెక్టరుగారి వైపు తిరిగారు. ఆయన ఠకీమని రిజిస్టరు తిప్పి, చెవిలో చెప్పారు. పెద్దోడు ఆ రాత్రి ఇంటికి రాలేదు. భార్యాభర్తలిద్దరూ బెంగపెట్టుకోకుండా నిద్రపోయారు.

రెండు వారాలు కొట్టు కళకళలాడింది. మూడోవారం నుంచి పాత అలవాటు కొద్దీ వచ్చే జనం, కుండీ లేకపోవడం చూసి, అది ఉండాల్సిన చోటు చూసుకుని అక్కడే నేల మీద చెత్త వేసి వెళ్ళడం మొదలుపెట్టారు. కుప్ప మోకాలి ఎత్తయ్యాక దర్జీ శుభ్రమైన కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

అర్జీలు తీసుకునే సెక్షను ముందు పొడుగాటి వరస ఉంది. కానీ చకచకా కదులుతోంది. ఒకప్పుడు రోజంతా పట్టేది. ముందున్నవాణ్ణి అడిగితే, "కొత్తాయన వచ్చాక ఏ ఇబ్బందీ లేదండీ. ఎన్నిచ్చినా తీసుకుంటాడు, విసుక్కోడు" అన్నాడు.

దర్జీ వంతు వచ్చింది. బల్ల అవతల, నీలం అంగీలో, పతకంతో, పెద్దోడు నిలబడి ఉన్నాడు. మూత తెరిచే ఉంది. పక్కన కూర్చున్న గుమాస్తా తలెత్తి గుర్తుపట్టి, లేచి నమస్కారం పెట్టాడు.

"మీరా! మీకు వరసేమిటండీ, నేరుగా రావచ్చు కదా. మీవాడే. వెయ్యండి."

దర్జీ వేశాడు. అడుగు చేరిన చప్పుడు కాలేదు, అప్పటికే అంచు దాకా ఉంది. గోడ అవతల హారన్ మోగింది. లారీ డ్రైవరు ఇద్దరు మనుషుల్తో లోపలికొచ్చి, దర్జీని చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"బాగున్నావా బాబాయ్? పొద్దునోసారి, సాయంత్రమోసారి ఖాళీ చేస్తున్నాం, ఒక్కపూట తప్పడంలేదు. నువ్వేం దిగులు పెట్టుకోకు." కుండీని ఓ చేత్తో ఒరిగించి, తలూపాడు. "అంతా పొడిచెత్తే బాబాయ్, తడన్నది లేదు. మొయ్యడానికి ఎంత సుఖమో!"