నూనె పెట్టలకు, కొక్కొరోకో పుంజులకు

ఎక్కడ ఏ లోపం కనబడినా ముందు ఆడదానికి మందు పట్టించాలి. ఇంతకన్నా సుఖమైన వైద్యం లోకంలో లేదని నా నిశ్చితాభిప్రాయం. పరీక్షలక్కర్లేదు, రోగిని వెతకనక్కర్లేదు, మగవాడు నొచ్చుకోడు! నమ్మరా? అయితే నాకు తెలిసిన ఓ కోళ్ల ఫారం సూపర్‌వైజర్ గారి సంగతి వినండి.

ఆయన ఏలుబడిలో ఉన్నవి పొదిగించే గుడ్ల కోసం పెంచే పెట్టలు. వాటికి వయసు మళ్లింది. గుడ్లయితే పెడుతున్నాయి గానీ హేచరీ మిషన్‌లో సగానికి సగం పిల్లలు కావడం లేదు. ఇలాగే ఉంటే షెడ్డు ఖాళీ చేసేస్తానన్నాడు ఓనరు. షెడ్డు ఖాళీ అయితే సూపర్‌వైజర్ గారి కుర్చీ కూడా ఖాళీయే.

ఆయన క్షణం తటపటాయించలేదు. తప్పు పెట్టలదే! మేతలో చేప నూనె కలిపించాడు. ఆ కంపుకి పనివాళ్లు ముక్కులు మూసుకున్నారు. తర్వాత పొద్దుతిరుగుడు నూనె, ఆ తర్వాత అవిసె నూనె. పెట్టలు నిగనిగలాడాయి, పచ్చసొనలు మెరిసిపోయాయి. పిల్లల లెక్క మాత్రం పెరగలేదు. మరి పుంజులో? ఛాతీ విరుచుకుని కొక్కొరోకో అంటూనే ఉన్నాయి. అంత గట్టిగా కూసేవాణ్ని అనుమానించడం మర్యాదేనా?

ఇంట్లోనూ ఆయనది ఇదే పద్ధతి. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. అందుకని భార్యకి పొద్దున క్యాప్సూలు, మధ్యాహ్నం టానిక్కు, సాయంత్రం చెంచాడు నూనె. అత్తగారే దగ్గరుండి తాగించేది.

"మింగమ్మా, మొహం అలా పెట్టకు," అనేది.

పాపం ఆ ఇల్లాలికి ఒళ్లొచ్చిందే తప్ప ఒడి నిండలేదు. ఆయన మాత్రం సోఫాలో కూర్చుని దర్జాగా గొంతు సవరించుకుంటూ ఉండేవాడు.

చివరికి ఫారానికి పశువుల డాక్టరమ్మ వచ్చి గుడ్లు పగలగొట్టి చూసింది.

"పెట్టలకేం లేదండీ. గుడ్లలో బీజమే పడలేదు. పుంజుల్ని చూశారా?"

"వాటికేం మేడం, రాజాల్లా ఉన్నాయి."

"ఉన్నాయి. అందుకే కూర్చున్న చోటి నుంచి లేవట్లేదు. బరువెక్కి కాళ్లు పట్టేశాయి. వాటిని తీసేసి కుర్ర పుంజుల్ని వదలండి."

వదిలారు. కొన్నాళ్లకి హేచరీ ట్రేలు కిచకిచలాడాయి. ఓనరు భుజం తట్టాడు. కుర్చీ దక్కిన సంబరంతో ఆయన ఇంటికెళ్లి భోజనాల దగ్గర కథంతా చెప్పాడు.

"అనవసరంగా పెట్టలకి అంత నూనె పట్టించాం. లోపమంతా పుంజుల్లోనే ఉంది!"

తల్లి చేతిలో చెంచా ఆగిపోయింది. భార్య నూనె సీసాకి మూత బిగించి, తీసుకొచ్చి ఆయన కంచం పక్కన పెట్టింది.

"రేపు సెలవు పెట్టండి," అంది. "ఆసుపత్రికెళ్దాం. ఈసారి పరీక్ష మీకు."

గొంతు సవరించుకోబోయి మానేశాడాయన.

వెళ్లాడా అని అడుగుతారేమో. షెడ్డులోంచి పాత పుంజుల్ని ఎలా ఈడ్చుకెళ్లారో కళ్లారా చూసినవాడు కదా! తెల్లారేసరికి చొక్కా తొడుక్కుని, ఎవరూ పిలవకముందే గుమ్మంలో నిలబడ్డాడు. కూత మాత్రం కూయలేదు.