తాళాల కొట్టు ట్రాన్స్‌ఫార్మ్ అయిన వైనం

చిన్న వ్యాపారాలు బాగుపడాలంటే ముందు వాటిని కస్టమర్ల బారి నుంచి కాపాడాలి. ఈ మాట వినగానే మీలో కొందరు ముక్కున వేలేసుకున్నారని తెలుసు. ఆ వేలు తీసి, ఒక తాళాల మేస్త్రి కథ వినండి. డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ స్ట్రాటజీ ఎంతటి వరమో మీకే తెలిసొస్తుంది.

మేస్త్రిది లాండ్రీకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కున్న కొట్టు. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాలి. గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా ఇంకా పళ్లు కొయ్యని తాళంచెవులు. ఇరవై రెండేళ్లుగా అక్కడ సాగిన వ్యాపారం చూస్తే మీకు జాలేసేది. ఎవరో పరుగున వచ్చి, "అన్నా, తలుపు మూసుకుపోయింది, తాళంచెవి లోపలే ఉండిపోయింది" అనేవారు. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని వెళ్లి, తలుపు తెరిచి వచ్చేవాడు. అంతే. మధ్యలో ఒక లాగిన్ లేదు, ఒక పాస్‌వర్డ్ లేదు. ఇంత అనాగరికంగా అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చాడో ఆ మహానుభావుడికే తెలియాలి.

ఆయన బయట ఉన్నప్పుడు ఫోన్లు భార్య ఎత్తేది. వెనక గదిలోనే కాపురం. ఏ ఇంటి తలుపు వానాకాలం ఉబ్బుతుందో, ఎవరి తాళంకప్ప ఎన్నిసార్లు మొరాయించిందో ఆవిడకు కొట్టిన పిండి. అవతలి మనిషి హలో అంటే చాలు, "మళ్లీ ఆ రెండో అంతస్తు తలుపేనా అండీ? గడియను కాస్త పైకెత్తి లాగి చూడండి" అనేది. సగం తలుపులు ఫోనులోనే తెరుచుకునేవి.

ఇంత డేటా ఒక ఆడమనిషి తలలో, బ్యాకప్ అన్నది లేకుండా పడి ఉండడం ఎంత ప్రమాదం? ఆ సంగతి మొదట కనిపెట్టినవాడు ఆవిడ తమ్ముడే. చిన్న వ్యాపారాల డిజిటల్ వ్యూహం మీద మూడు రోజుల కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని, తిన్నగా బావ కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బావా, నీకసలు కస్టమర్ జర్నీయే లేదు."

"లేకపోవడమేంట్రా? పొద్దున్నుంచి మూడు వీధులు తిరిగొచ్చాను."

"అది నీ జర్నీ. నేనడిగేది కస్టమర్‌ది."

"వాళ్లు తలుపు ముందు నిలబడి ఉంటారు కదరా. వాళ్లకు ప్రయాణమేంటి?"

బావమరిది జాలిగా చూసి లాప్‌టాప్ తెరిచాడు.

మేస్త్రి వెర్రివాడేం కాదు. కానీ వీధి మలుపులో కొత్తగా వెలిసిన షోరూములో తాళంచెవి అక్కర్లేని తాళాలు పెట్టారు. వేలు ఆనిస్తే తెరుచుకుంటాయి. ఆ అద్దాల ముందు నుంచి నడిచినప్పుడల్లా ఆయన అడుగు నెమ్మదించేది. యాభై దాటాయి, వేరే పని చేతకాదు. మునిగిపోతున్నవాడికి కళ్ల ముందు లాప్‌టాప్ కనబడితే దాన్నే పట్టుకుంటాడు.

నెల తిరిగేసరికి కొట్టు రూపురేఖలే మారిపోయాయి. షట్టరు మీద పెయింటుతో రాసిన ఫోను నంబరును క్యూఆర్ కోడ్ కప్పేసింది. తాళంచెవులన్నీ గోనెసంచిలోకి వెళ్లాయి, వాటి గోడకు లెక్కలు చూపే టీవీ తెర వచ్చింది. ఆధునికంగా ఉండాలని ముందు అద్దం తలుపు బిగించారు. ఇక యాప్ గురించి ఏం చెప్పమంటారు? తాళం ఏ రకమో పద్నాలుగింటిలో ఒకటి ఎంచుకోవాలి. తలుపును మూడు వైపుల నుంచి ఫోటో తియ్యాలి. చివర్లో ఓటీపీ కొట్టాలి.

ఇక్కడ గిట్టనివాళ్లు ఒక చిన్న మెలిక పెడతారు. ఇంటి బయట చిక్కుకుపోయిన మనిషి ఫోను సాధారణంగా ఇంటి లోపలే ఉంటుంది కదా, అని. ఉంటే ఏమైంది? వేరేవాళ్ల ఫోనులో తన నంబరు కొడితే ఓటీపీ తలుపు అవతల టింగుమంటుంది. ఆ చప్పుడు విని ఇవతలి మనిషికి ఎంత ధైర్యం వస్తుంది? తన రిక్వెస్టు అందిందన్న భరోసా తాళంచెవి కన్నా తక్కువదా?

"అక్కా, ఇకనుంచి నువ్వు ఫోనెత్తకు. యాప్‌లో బాట్ చూసుకుంటుంది" అన్నాడు తమ్ముడు.

"దానికి ఆ రెండో అంతస్తు తలుపు సంగతి తెలుసా?"

"నేర్చుకుంటుందిలే."

"ఎవరి దగ్గర?"

తమ్ముడు తర్వాతి స్లయిడుకు వెళ్లిపోయాడు.

ఫలితం కళ్లారా చూడండి. మొదటి వారం ఫిర్యాదులు సున్నా, పెండింగ్ సున్నా. తెర మొత్తం పచ్చగా మెరిసిపోయింది. ఇరవై రెండేళ్లలో ఇంత శుభ్రమైన వారం మేస్త్రి ఎరగడు. రెండో వారమూ అంతే. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని ఆ పచ్చదనాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఒకటి రెండుసార్లు గోనెసంచి విప్పి, పనేమీ లేకపోయినా ఒక తాళంచెవికి ఆకురాయి పట్టి, మళ్లీ మూట కట్టేశాడు.

బుధవారం పదకొండు గంటలకు ఒక వెబినార్ వచ్చింది. అంశం, కస్టమర్ గొంతు వినడం ఎలా. బావా బావమరిదీ ఇద్దరూ ఇయర్‌ఫోన్లు దూర్చుకుని తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపుతో, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. అత్తగారు స్నానాల గదిలో ఉండిపోయింది. లోపలి గడియ బిగుసుకుపోయింది. లోపల నేలంతా తడి, ఆవిడకు ఆయాసం. కోడలు అద్దం మీద టకటకా కొట్టింది. బావమరిది ఆ కదలిక గమనించి, వెనక్కి తిరిగి, మర్యాదగా నవ్వి క్యూఆర్ కోడ్ వైపు వేలు చూపించి మళ్లీ వినడంలో మునిగిపోయాడు. ఆవిడ ఫోను ఇంట్లో కుట్టుమిషను మీద ఉంది.

వెనక గదిలోంచి మేస్త్రి భార్య వచ్చింది. "ఏవండీ" అంది. ఆయన వెనక్కి తిరగకుండా ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "ఏవండీ, ఎవరో వచ్చారు" అంది. మళ్లీ చెయ్యెత్తాడు. మూడోసారికి చెయ్యి దించనే లేదు. ఆవిడ స్టూలు కింది సంచీ లాక్కుని తనే వెళ్లిపోయింది.

వెబినార్ అయ్యాక కాలికి తగలాల్సిన సంచీ తగలకపోయేసరికి మేస్త్రి స్టూలు కిందికి వంగి చూశాడు. లాండ్రీ ఆయన్ని అడిగి, పక్క సందులోకి దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లాడు.

స్నానాల గది తలుపు ఊడి గోడకు చేరగిలబడి ఉంది. బయటివైపున్న మడతబందుల మరలు ఒక్కొక్కటే విప్పినట్టున్నారు, అన్నీ ఒక గిన్నెలో వరసగా ఉన్నాయి. పెద్దావిడ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చేతిలో బొటనవేలి కింద ఎర్రగా పొక్కు లేచింది.

"ముప్పావుగంట అరిచాను నాయనా" అంది పెద్దావిడ. "ఈ అమ్మాయి బయటినుంచి 'వచ్చేశాను పెద్దమ్మా, ఆ బకెట్ బోర్లించుకుని కూర్చోండి' అంది. ఆ మాట విన్నాక మరి భయమెయ్యలేదు. తలుపు ఊడటానికి ఎంతసేపు పట్టిందో కూడా నాకు తెలీదు."

మేస్త్రి మరలు తీసుకుని తలుపు బిగించడం మొదలుపెట్టాడు. తిరిగి వస్తుంటే భార్య రెండడుగులు ముందే నడిచింది.

"గట్టిగా ఒక్క కేక వెయ్యాల్సింది" అన్నాడు చివరికి.

"మూడు వేశాను."

కొట్టులో బావమరిది వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు. "ఎక్కడికి పోయావు బావా? మనిద్దరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. చివరిదాకా శ్రద్ధగా విన్నామని."

మేస్త్రి ఆ సాయంత్రమే గోడ మీది తెర దించి మళ్లీ కొక్కేలు బిగించాడు. అద్దం తలుపు తీసి జిరాక్సు షాపుకు ఇచ్చేశాడు. షట్టరు మీద నంబరు మళ్లీ తన చేత్తోనే, కాస్త వంకరగా, రెండింతలు పెద్దగా రాశాడు.

ఇక్కడితో వ్యూహం విఫలమైందనుకుంటున్నారా? మీకు వ్యూహాల సంగతి తెలియదన్నమాట. బావమరిది కొంచెం కూడా నొచ్చుకోలేదు. జరిగిందంతా రాసుకుని, దానికి 'హ్యూమన్ వాయిస్ ఇంటర్‌ఫేస్, రెండో దశ' అని పేరుపెట్టి, ఇప్పుడు ఇతర కొట్లవాళ్లకు నేర్పుతున్నాడు. అక్కడ కూడా లామినేషన్ ఉంటుంది.

కాబట్టి చిన్న వ్యాపారులారా, ట్రాన్స్‌ఫార్మ్ అవ్వండి. ఆ మేస్త్రి కొట్టులో ఇప్పుడున్న సిస్టమ్‌ను చూసి నేర్చుకోండి. మొదటి రింగుకే పలుకుతుంది, గొంతును బట్టి మనిషిని పోల్చుకుంటుంది, నెట్టు లేకపోయినా పనిచేస్తుంది, అవసరమైతే సంచీ తీసుకుని తనే బయల్దేరుతుంది. బదులుగా అది కోరేది ఒక్కటే. కొట్టు కట్టేశాక ఒక అరగంట, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, తను చెప్పేది వినాలి.

మేస్త్రికి ఆ ఫీచర్ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. నిన్న కూడా మధ్యలో చెయ్యెత్తబోయి, భార్య మొహం చూసి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.