మగ్గం గుంటలో తాసిల్దారు

ఇప్పుడు నా నెత్తి మీద రెండు వేళ్ల మందం వెంట్రుకలు మొలిచాయి కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను. పోయిన నెలలో అడిగితే చెప్పేవాణ్ణి కాదు. అప్పుడు అడిగినవాళ్లంతా జాలిగా అడిగారు. నాకు అదే ఎక్కువ బాధ.

సంగతి పిల్లితో మొదలైందని నేను ఇప్పటికీ అంటాను. మా ఆవిడ బాలలక్ష్మి మాత్రం నాతోనే మొదలైందంటుంది.

మాది సిరిసిల్ల. ఇంట్లో గుంట మగ్గం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మేం నేల మీద కూర్చుని, ముందర తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అందులోని కర్రలను పాదాలతో తొక్కుతూ నేస్తాం. పొద్దుననుంచి సాయంత్రం దాకా నాలో సగమే ఇంట్లో ఉంటుంది. మిగతా సగం గుంటలో ఉంటుంది.

నేసే ముందు నిలువు పోగులకు గంజి పెడతాం. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకు పెండ్లి భోజనం. నా పెండ్లయిన కొత్తలో మగ్గం మీది నూలు సగం ఎలుకల పాలైతే, మా అత్త ఐలవ్వ కోరుట్ల నుంచి ఒక పిల్లికూనను పంపింది. నల్లటి ఒళ్లు, ఒక చెవి చీలిక. అది వచ్చిన వారానికి మా ఇంటి ఎలుకలు పక్కింటి కొమురెల్లి ఇంటికి కాపురం మార్చాయి.

దానికి తాసిల్దారు అని పేరు పెట్టింది నేనే. పొద్దున్నే వచ్చి మగ్గం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, నేసిన గుడ్డను వాసన చూసి, మంచీచెడూ ఏమీ చెప్పకుండా పాలు తాగి వెళ్లిపోయేది. నాలుగేళ్లు మా మధ్య ఏ గొడవా లేదు. దాని అవసరాలు అది పెరట్లో మట్టిలో చూసుకునేది.

ఈ ఎండాకాలంలో మా మరదలు యాదవ్వ పెండ్లి కుదిరింది. పెండ్లిచీర దుకాణంలో కొంటామని మా అత్త అంటే, నేనుండగా కొనుడేందని ఛాతీ విరుచుకుని, ఎర్ర చీర పచ్చ అంచుతో నేనే నేసి తెస్తానని మాటిచ్చాను. తప్పితే కోరుట్లలో నాకు అన్నం పెడతారు గాని మొహం చూసి పెట్టరు.

ఎండలకు పోగులు పటపట తెగుతున్నాయి. గాలిలో చెమ్మ ఉంటే తెగవు. అందుకని నేను మానేరు నుంచి మెత్తని ఇసుక తెచ్చి గుంటలో పోసి, రోజూ నీళ్లు చల్లి తడిగా ఉంచాను. పోగూ తెగదు, కాళ్లకూ చల్లగా ఉంటుంది. మా వాడలో ఇన్ని మగ్గాలున్నా ఆ తెలివి ఇంకెవరికీ రాలేదు. ఆ సంగతి నేను అందరికీ చెప్పాను కూడా.

సరిగ్గా అప్పుడే, చీర మూడు మూరలు కూడా కాకముందే, ఒక పొద్దున గుంటలోకి కాళ్లు దించితే మెత్తగా తగిలింది. ఏమిటో చూడకముందే ముక్కు చెప్పింది.

కాళ్లు కడుక్కుని, గుంట ఎత్తిపోసి, కొత్త ఇసుక తెచ్చి పోశాను. మరుసటి రోజు మళ్లీ అదే. మళ్లీ ఎత్తిపోశాను, మళ్లీ మానేరుకు పోయాను. నాలుగో రోజుకు సగం పూట చాకిరీకి పోతోంది, చీర మాత్రం జానెడు కూడా జరగడం లేదు.

వెదురు బుట్టలో పొయ్యి బూడిద పోసి మగ్గం పక్కన పెట్టి, తాసిల్దారును ఎత్తి అందులో కూర్చోబెట్టాను. అది బూడిదను చూసింది, నన్ను చూసింది, దిగి నాలుగు కాళ్లూ విదిలించుకుని, నా కళ్లముందే గుంటలోకి దూకింది.

"బుట్టల ఎందుకు పోతలేదే ఇది?" అని బాలలక్ష్మిని అడిగాను.

"నువ్వు చెప్పినట్టు నాలుగేండ్ల సంది నేనే ఇంటలేను. అదేం ఇంటది?" అంది నూలు కండెలు చుడుతూ.

నాకు అర్థం కాలేదు. ఇంటి చుట్టూ అంత పెరడు ఉంది. పెరడు విడిచి, బూడిద విడిచి, సరిగ్గా నా కాళ్లుండే చోటికే ఎందుకు రావాలి? రెండు రోజులు ఆలోచిస్తే తేలింది, దీనికి నా మీద కక్ష. ఎప్పుడో తోక తొక్కి ఉంటాను. లేదా తాసిల్దారు అని పేరు పెట్టడం నచ్చి ఉండదు. మనసులో పెట్టుకుని సమయం కోసం చూసి, పెండ్లి చీర మగ్గమెక్కగానే పగ తీర్చుకుంటోంది.

ఈ మాట చెబితే బాలలక్ష్మి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎండదెబ్బ అనుకుందట.

పక్కింటి కొమురెల్లిని మేం సలహాల కొమురెల్లి అంటాం. ఆయన దగ్గర ప్రతి రోగానికీ మందుంటుంది, ఆయన రోగాలకు తప్ప. గుంటలో మిరపపొడి చల్లితే పిల్లి ఆ పక్కకు కూడా రాదని చెప్పాడు. చారెడు చల్లాను. నిజంగానే పిల్లి రాలేదు. ఆ ధీమాతో మగ్గమెక్కి గుంటలోకి కాళ్లు దించాను. నేసేటప్పుడు చెప్పులు ఉండవన్న సంగతి కొమురెల్లి మరిచాడు, నేనూ మరిచాను.

మొదట వేళ్ల సందుల్లో చురుక్కుమంది. మంటేమిటని చేత్తో తడిమాను. ఆ చేత్తోనే చెమట తుడుచుకున్నాను. కన్ను మూసుకుపోయి, తుమ్ము వచ్చి, అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతిలోంచి ఎగిరి బాలలక్ష్మి చుట్టిన కండెల గంపలో పడింది. తుమ్ము తుమ్ముకూ నాలుగు పోగులు తెగాయి. సాయంత్రం దాకా నా రెండు కాళ్లూ పెరుగు గిన్నెల్లో ఉన్నాయి. తాసిల్దారు వచ్చి ఆ పెరుగు నాకి పోయింది.

మిరపపొడి ఇసుక ఎత్తిపోసి మళ్లీ కొత్త ఇసుక పోశాను. అది మళ్లీ వచ్చింది.

అప్పుడు నేను కఠినంగా మారాను. పిల్లిని ఏరు దాటించి విడిచి వస్తే తిరిగి రాదంటారు. ఏరు దాటితే చాలదని, బస్సెక్కించి వేములవాడ దాకా తీసుకుపోవాలని నిశ్చయించాను. రాజన్న గుడి దగ్గర యాత్రికులు వండుకుని తింటారు. దానికి తిండికి లోటుండదు, నాకు పాపముండదు. ఈ చీర అయ్యేదాకా ఎలుకల సంగతి నేనే చూసుకుంటాను.

ఆదివారం బాలలక్ష్మి పుట్టింటి నుంచి వచ్చిన కార్డు చదివి వినిపించింది. నేను సంచి ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచిస్తూ, నాడె ఆడిస్తూ ఊఁ కొట్టాను. "ఇన్నవా?" అంది. విన్నానన్నాను. కార్డులో ఏముందో నాకు తెలియదు.

సోమవారం తెల్లారగానే తాసిల్దారును పాలతో మభ్యపెట్టి నూలు సంచిలో వేసి మూతి కట్టి, గోడ అవతల పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చి జుట్టుకు నూనె రాసుకున్నాను. నా క్రాపు సంగతి మీకు చెప్పాలి. సిరిసిల్లలో అంత ఒత్తయిన క్రాపు ఇంకొకటి లేదు. అద్దం ముందర ఎంతసేపున్నా బాలలక్ష్మి ఏమీ అనేది కాదు. ఆ రోజు మాత్రం ఎక్కడికని అడిగింది.

"రాజన్న కాడికి. చీర వేళకు కావాలని మొక్కుకుంట."

"గుడి మొహం చూడనోనివి. ఏం మొక్కుతవ్?"

గోడ అవతల సంచి కదిలిన చప్పుడైంది. నాకు చెమట పట్టింది. చేతిలో దువ్వెన ఉంది, నోట్లోంచి అదే వచ్చింది. "చీరయితే తలెంటికెలు ఇస్త."

బాలలక్ష్మి ఒక్క క్షణం నా క్రాపు వంక చూసి, చేతులు జోడించి వేములవాడ దిక్కుకు దండం పెట్టింది. అప్పుడైనా నాకు భయం వేయాల్సింది.

బస్సులో కండక్టరు సంచిలో ఏముందని అడిగాడు. కూరగాయలన్నాను. కూరగాయలు మ్యావ్ అన్నాయి. పక్కన కూర్చున్న పెద్దాయన లేచి వెళ్లి నిలబడ్డాడు. వేములవాడ దాకా నేను తలెత్తలేదు.

సత్రం వెనక, పొయ్యిలు పెట్టుకుని వండుకునే చోట సంచి మూతి విప్పాను. తాసిల్దారు బయటికి వచ్చింది. పారిపోలేదు. కూర్చుని నన్ను చూసింది. దాని మెడకు బాలలక్ష్మి కట్టిన ఎర్ర పోగు ఉంది, పెండ్లి చీరదే. నాలుగేళ్లు నా పక్కన కూర్చుని నేత చూసిన ప్రాణి. వెనక్కి చూడకుండా నడిచాను.

సోమవారం కావడంతో గుళ్లో జనం కిక్కిరిసి ఉన్నారు. దర్శనానికి మధ్యాహ్నం దాటింది. కాళ్లు నన్ను అడగకుండానే సత్రం వెనక్కి తీసుకుపోయాయి. అక్కడ పిల్లి లేదు. పొయ్యి పొయ్యికీ పోయి అడిగాను. నల్ల పిల్లిని చూశారా అని ఒక మగవాడు ఏడుపు మొహంతో అడుగుతుంటే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం బస్సు పోయింది. సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాను.

బాలలక్ష్మి గడపలో కూర్చుని ఉంది. ప్రసాదం తన చేతిలో పెట్టి, ఏమీ అడగకముందే నేనే అందుకున్నాను. పొద్దున బస్టాండు దగ్గర మన తాసిల్దారు ఒక గండుపిల్లి వెంట పోతూ కనబడిందని, ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదని, మోసగాళ్ల బుద్ధి అంతేనని చెప్పాను. గండుపిల్లి రంగు కూడా చెప్పాను. బాలలక్ష్మి ఎక్కడా అడ్డు తగలకుండా అంతా విన్నది. అంత శ్రద్ధగా తను నా మాట ఎన్నడూ వినలేదు.

"అయ్యిందా?" అంది.

"అయింది."

"అవ్వా, జర గా గండుపిల్లి పెండ్లాన్ని బయటకు తోలు."

లోపలి నుంచి మా అత్త ఐలవ్వ వచ్చింది. చంకలో తాసిల్దారు, భుజం మీద నా నూలు సంచి.

నాకు ఏమీ అర్థం కాలేదు. పిల్లి వేములవాడలో ఉండాలి, అత్త కోరుట్లలో ఉండాలి, సంచి నా చేతిలో ఉండాలి. అందరూ చోట్లు మారి నా ఇంట్లో నిలబడ్డారు. నేనే తప్పుడు ఇంటికి వచ్చానేమోనని గడప వంక చూశాను.

ఆదివారం కార్డులో ఉన్నది అదేనట. తొలి పెండ్లి పత్రిక రాజన్న దగ్గర పెట్టడానికి అత్త సోమవారం వేములవాడ వస్తుందని, అక్కడినుంచి చీర చూడడానికి మా ఇంటికి వస్తుందని. ఆమె సత్రం వెనక అన్నం వండుకుంటుంటే ఒక పిల్లి వచ్చి ఒడిలో కూర్చుందట. చీలిక చెవిని చూసి అనుమానపడి, మెడకున్న ఎర్ర పోగు చూసి గుర్తుపట్టి, పక్కన పడి ఉన్న నూలు సంచిలోనే వేసుకుని మధ్యాహ్నం బస్సెక్కింది. సంచి అక్కడే మరిచానని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

"పిల్లి దారితప్పి వచ్చిందనుకుందాం," అంది అత్త నెమ్మదిగా. "సంచి గూడ నడుచుకుంట వచ్చిందా అల్లుడా?"

బాలలక్ష్మి నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి చూపింది. పిల్లి లేని ఆ ఒక్క పూటలో కొమురెల్లి ఇంటి ఎలుకలు తిరిగొచ్చి, ఒక మూల ఇరవై పోగులు కొరికాయి. అప్పుడు బాలలక్ష్మి గొంతు మారింది. నా చెల్లె చీర, అని మాత్రం అంది. నేను ఆ ఇరవై పోగుల దగ్గరే కూలబడి నిజం ఒప్పుకున్నాను. పగ సంగతి, బూడిద బుట్ట సంగతి, అంతా చెప్పాను.

అత్త పుట్టినప్పటినుంచి మగ్గాల మధ్య తిరిగిన మనిషి. గుంటలోకి వంగి, చెయ్యి పెట్టి, పిడికెడు ఇసుక తీసి చూసింది.

"గీ ఇసుక ఎవలు పోసిండ్రు?"

ఇక్కడైనా నా తెలివికి గుర్తింపు వచ్చిందని నిటారుగా కూర్చున్నాను. నేనేనని, చెమ్మ కోసమని, మురికైనప్పుడల్లా కొత్తది తెచ్చి పోస్తున్నానని చెప్పాను.

అత్త బిడ్డ వంక చూసింది. బిడ్డ అత్త వంక చూసింది. తాసిల్దారు కూడా చూసింది.

"మెత్తటి ఇసుక పోసి, నీళ్లు చల్లి, నీడపట్టున ఉంచి, దినాం కడిగి పెడుతున్నవ్," అంది అత్త. "అసొంటి జాగ నాకే దొరకలే. అది బూడిదల ఎందుకు పోతది బిడ్డా?"

ఆ ఇసుకంతా ఎత్తి బుట్టలో పోయించింది. గుంట అడుగు మట్టితో గట్టిగా మెత్తి, పేడతో అలికించింది. చెమ్మ కావాలంటే తడిగుడ్డలు వేలాడదీయమంది. తాసిల్దారు బుట్టలో దిగి, ముందు కాళ్లతో రెండు గీతలు గీసి, మా ముగ్గురి ముందరా పని కానిచ్చి, పద్ధతిగా కప్పెట్టి వెళ్లిపోయింది. పదిహేను రోజుల నా యుద్ధం అంతసేపట్లో అయిపోయింది. దానికి నా మీద ఏ కక్షా లేదని తెలిసి సంతోషపడాలో, అసలు నన్ను లెక్కలోకే తీసుకోలేదని బాధపడాలో తెలియలేదు.

ఇరవై పోగులూ బాలలక్ష్మే కూర్చుని ఒక్కొక్కటీ అతికింది. నేను కూర్చున్న చోటినుంచి లేవకుండా నేశాను. పెండ్లికి రెండు రోజుల ముందు చీర మగ్గం దిగింది. మడతపెట్టి బాలలక్ష్మి చేతిలో పెట్టాను. అది చీరను కళ్లకద్దుకుని, నా క్రాపు వంక చూసింది.

"కోరుట్ల బస్సు వేములవాడ మీదికెల్లే పోతది," అంది.

అది అబద్ధపు మొక్కని, పిల్లి కోసం ఆడిన మాటని బతిమాలాను.

"పిల్లి సంగతి నాకు తెలుసు. రాజన్నకు నువ్వే చెప్పుకో," అంది.

చెప్పుకోలేకపోయాను.

అట్లా నేను మరదలి పెండ్లిలో నున్నటి గుండుతో నిలబడ్డాను. యాదవ్వ ఎర్ర చీరలో మెరిసిపోతోంది, చీరను చూసినవాళ్లంతా నేసినవాడెవరని అడుగుతున్నారు. చూపిస్తే నా గుండు చూసి గొంతు తగ్గించేస్తున్నారు. పెండ్లికొడుకు మేనత్త ఒకామె దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా? అవ్వనా, బాపునా?"

నేను గుండు తడుముకుంటుంటే, పక్కనుంచి బాలలక్ష్మి నెమ్మదిగా అంది.

"ఎవలు పోలేదవ్వా. ఒకళ్లను సంచిల కట్టి తోలి వచ్చిండు గని, ఈయన కన్న ముందుగాల్నే ఇల్లు చేరిండ్రు."