లక్ష్మీరాజానికి వారెంటు యోగం

మనిషై పుట్టాక జీవితంలో ఒక్కసారైనా అరెస్టు వారెంటు అందుకోవాలి! అందుకోని వాడి బతుకు ఉప్పు లేని పప్పు. నవ్వకండి, పాఠక మహాశయులారా! ఇది ఊరికే అంటున్న మాట కాదు. హుస్నాబాద్ సాలెవాడలో మగ్గం నేసుకునే లక్ష్మీరాజం సమను దశ దాటి వారెంటు దశకు ఎదిగిన వైనం వింటే, రేపు పొద్దున్నే మీరూ ఠాణాకు పోయి "అయ్యా, మాకూ ఒకటి ఇప్పించండి" అని చెయ్యి చాపుతారు.

ముందు సమను సంగతి చూద్దాం. సమను అంటే ఏమిటి? సాక్ష్యం చెప్పడానికి దయచేయమని కోర్టువారు మర్యాదగా పంపే కాగితం. ఆ మర్యాదే దానికి పట్టిన రోగం! మర్యాదగా పిలిస్తే మర్యాదగా వెళ్లినవాణ్ణి ఈ దేశంలో ఎవడు పట్టించుకున్నాడు?

కేసు చిన్నదే. పటేల్‌గారి పెరట్లో నీళ్లు కాచుకునే రాగి గంగాళం ఒకనాటి పొద్దున మాయమైంది. పటేల్‌గారికి ఎవరి మీద అనుమానం రావాలి? ఉత్తపుణ్యానికి ధోవతులు నేసిపెట్టమంటే "నైజాం పోయింది పటేలా, వెట్టి గూడ పోయింది" అన్న సాలెవాడ నేతగాడు అంబదాస్ మీద రావాలి. సరిగ్గా అక్కడికే వచ్చింది. అంబదాస్‌ను జైల్లో పెట్టారు. జామీను ఇద్దామంటే సాలెవాడలో ఎవరికీ జానెడు భూమి లేదు. భూమి ఉన్నవాళ్లలో ఎవరికీ పటేల్‌గారిని కాదనే గుండె లేదు.

నిజానికి ఆ పొద్దున అంబదాస్ ఎక్కడున్నాడు? లక్ష్మీరాజం పడుగు దగ్గర ఉన్నాడు! ఈ పని ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. చీరకు కావలసిన నిలువు దారాలను వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఆరేలోగా కుంచెతో దువ్వాలి. ఇటు కొసన ఒకరు, అటు కొసన ఒకరు. మధ్యలో ఎవరు చెయ్యి తీసినా దారాలన్నీ అతుక్కుని కట్టెలైపోతాయి. అటు కొసన కుంచె పట్టింది అంబదాసే. ఎండ నెత్తికెక్కేదాకా ఆ మనిషి ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు. చూసినవాళ్లు వాడంతా ఉన్నారు. కానీ పటేల్ పేరు వినగానే అందరికీ ఒక్కసారే చూపు మందగించింది.

అంబదాస్ భార్య సక్కుబాయి లక్ష్మీరాజానికి వరుసకు చెల్లెలు. వచ్చి గడప పట్టుకుని నిలబడింది.

"అన్నా, నువ్వన్న చెప్పవా?"

"చెప్తనమ్మా. కోర్టుల నిలవడి చెప్త. ఫికర్ వెట్టుకోకు."

చెప్పడానికే పోయాడు. ఏ కోర్టు అని అడగకండి, పేరు చెబితే చెప్పినవాడికీ ఓ వారెంటు తగులుతుంది. అక్కడ గోడ నీడన నిలబడ్డాడు, సద్దిమూట విప్పి తిన్నాడు, సాయంత్రం కోర్టు జవాను వచ్చి "వాయిద" అంటే ఇంటికొచ్చాడు. మళ్లీ పోయాడు, మళ్లీ వచ్చాడు. ఒకసారి మెజిస్ట్రేటుగారికి సెలవు. ఒకసారి వకీలుగారి బావమరిది పెళ్లి. ఒకసారి గోడలకు సున్నం. ఇంకోసారి ఉర్దూ కాగితాలు ఇంగ్లీషులోకి మారడానికి పోయాయి, అవి తిరిగొచ్చేసరికి హైదరాబాద్ స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది! రాష్ట్రం మారింది, కాగితాల మీద ముద్రలు మారాయి, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. వాయిదా మాత్రం చెక్కు చెదరలేదు. ఇంత స్థిరమైన వస్తువు మన ప్రభుత్వాల దగ్గర ఇంకొకటి ఉందా?

ఈలోగా గంగాళం దొరికింది! పటేల్‌గారి చెల్లెలు అప్పాలు చేసుకోవడానికి చెప్పాపెట్టకుండా తీసుకుపోయిందట. తీరిక చూసుకుని తిరిగి పంపింది. అది మళ్లీ తన పొయ్యి మీదే కూర్చుంది, రోజూ పొగలు కక్కుతోంది. వాడంతా చూసింది. కోర్టుకు మాత్రం తెలియదు. ఎలా తెలుస్తుంది? గంగాళానికి సమను పోలేదు కదా!

అలా ఉండగా ఇంకో వాయిదా వచ్చింది. ఆ పొద్దున లక్ష్మీరాజం పడుగు వీధిలో తడిగంజితో ఉంది. భార్య అనసూర్య కొంగు బిగించి అడ్డం నిలబడింది.

"గంజి మీది పడుగు ఇడిసి యాడికి పోతవ్? గీసారి గూడ వాయిదనే పడ్తది, రాసి వెట్టుకో."

లక్ష్మీరాజం ఆగిపోయాడు. సరిగ్గా ఆనాడే మెజిస్ట్రేటుగారు కుర్చీలో కూర్చున్నారు! సాక్షి లక్ష్మీరాజాన్ని పిలిపించారు. లేడు! మళ్లీ పిలిపించారు. లేడు! "వారెంటు" అన్నారు. జైలు నుంచి తెచ్చిన అంబదాస్‌ను మళ్లీ జైలుకే పంపారు.

ఈ కబురు విన్న లక్ష్మీరాజానికి ముద్ద దిగలేదు. పోలీసులంటే భయం కాదు. ఇన్నాళ్లూ పోయి పోయి, పోవలసిన ఆ ఒక్కనాడు పోలేదే అని బాధ. సక్కుబాయి ఎదురొస్తే తల దించుకుని సందులోంచి తప్పుకున్నాడు.

కానీ పాఠకులారా, ఏడవకండి! అదృష్టం తలుపు తట్టబోతోంది. వారెంటు పట్టుకుని నజీరుద్దీన్ అనే పోలీసు జవాను రానే వచ్చాడు. వచ్చిన వేళ ఎలాంటిది? మళ్లీ వీధి పొడుగునా పడుగు, దాని నిండా తడిగంజి.

"లక్ష్మీరాజం ఎవరు? చల్, గంగాళం కేసుల నీ మీద వారంటున్నది!"

"వస్త సాబ్, జర ఆగు. గంజి మీదున్నది. ఇడిస్తె ఖరాబైతది."

"అయితే అయితది! సర్కారు వారంటు గంజి కోసం ఆగుతదా?"

వాడవాళ్లంతా లేచారు. "గట్లనకు సాబ్! నెల తిండి గది!" అని కొమురవ్వ నెత్తి కొట్టుకుంది. లక్ష్మీరాజం రెండు చేతులా కుంచె వదలకుండానే గడ్డంతో అటువైపు చూపించాడు.

"అటు కొసకు మనిషి లేడు సాబ్. అంబదాస్ పట్టెటోడు. మీ జైల్లనే ఉన్నడు."

నజీరుద్దీన్ అటు చూశాడు, ఇటు చూశాడు. టోపీ తీసి గుంజకు తగిలించాడు. వారెంటు టోపీలో పెట్టాడు. కుంచె పట్టాడు! సర్కారువారు సాలెవాడలో గంజి దువ్విన దృశ్యం ఈ జిల్లాలో అదే మొదటిది. కాసేపటికి ముక్కు దురద పెట్టింది. గోక్కోబోతే వాడంతా "చెయ్యి తియ్యకు సాబ్!" అని ఒక్కసారే అరిచింది. కాళ్లు పీకాయి, చెమట కళ్లలోకి కారింది. పడుగు ఆరేసరికి మనిషి అరుగు మీద కూలబడి అనసూర్య ఇచ్చిన చల్ల గటగటా తాగాడు.

"అరె భాయ్, ముక్కు గోక్కోను ఫుర్సత్ లేదు. గీ కుంచె పట్టినోడు పోయి గంగాళం ఎట్ల ఎత్కొస్తడు?"

"గదే సాబ్! గా ముచ్చట చెప్పనీకెనే తిరుగుతున్న."

"చల్ మరి. గీసారి వాయిద గీయిద లేదు. జడ్జి సాబ్ ముంగట నిన్ను నేనే నిలవెడ్త."

ఇక చూడండి వైభోగం! అనసూర్య సర్వపిండి కట్టిచ్చింది, సాబుకూ ఒక మూట. ఎన్నడూ చెయ్యెత్తినా ఆగని బస్సు ఆగింది. కండక్టరు ముందు సీట్లో ఇద్దరిని లేపి మరీ కూర్చోబెట్టాడు. టికెట్టు సర్కారు ఖాతా! వాడ కళ్లలో నిప్పులు పోసుకుంది. కొండగట్టు మొక్కు ఏళ్లుగా తీర్చని రాజయ్య కిటికీ పట్టుకుని బస్సు వెంట పరుగెత్తాడు.

"సాబ్, గా కొండగట్టు దిక్కు వారంట్లు ఏమన్న పడ్తయా?"

ముత్తయ్యది ఇంకో గోల. మంథనిలో ఉన్న అల్లుడు ఎంత పిలిచినా అత్తగారింటికి రావడం లేదు, వాడి పేర కూడా ఒకటి రాసిమ్మన్నాడు. ఒక్క కాగితంతో ఊళ్లో ఇన్ని కష్టాలు తీరతాయంటే, ప్రభుత్వం రేషన్ కార్డులాగా ఇంటికొక వారెంటు ఎందుకు పంచదు?

కోర్టులోనూ అంతే. సమనుతో పోయినప్పుడు గోడ నీడ. వారెంటుతో పోతే రాజద్వారం! జవాన్లు పక్కకు జరిగారు. ఇన్నాళ్లూ దొరకని అతని పేరు గుమాస్తాకు ఒక్క చూపులో దొరికింది. ఇన్నాళ్లూ ఖాళీగా చూసిన ఆ కుర్చీలో మనిషి ఉన్నాడు! ఆ మనిషే స్వయంగా అడిగాడు.

"పిలిస్తే ఎందుకు రాలేదు?"

లక్ష్మీరాజం చేతులు కట్టుకున్నాడు.

"వచ్చిన దొరా. పిలువని దినాలన్ని వచ్చిన. పిలిచిన దినం ఒక్కటే రాలే."

తర్వాత పడుగు సంగతి చెప్పాడు. ఒక్క ముక్క కూడా వదల్లేదు. చివరికి గంగాళం సంగతి కూడా చెప్పాడు.

"పటేల్ ఇంట్లనే ఉన్నది దొరా. ఇయ్యాల పొద్దుగాల గూడ నీళ్లు కాగుతున్నయి."

మెజిస్ట్రేటుగారు ముందు బెంచీ మీదున్న పటేల్‌గారి వైపు చూశారు. పటేల్‌గారు కండువా సర్దుకున్నారు.

"దొరికింది నిజమే. అడిగితే చెప్తుంటి గదా! ఎవరడిగిన్రు?"

కేసు కొట్టేశారు. సర్వపిండి మూట విప్పినంతసేపు కూడా పట్టలేదు.

అంబదాస్ బయటికొచ్చాడు. సగమైపోయాడు. లక్ష్మీరాజం వెళ్లి గట్టిగా పట్టుకుని ఏడ్చాడు. అంబదాస్ ఏడవలేదు. నేతగాడు కదా, మొదట అడిగింది నేత సంగతే.

"బావా, మనం గా పొద్దు దువ్విన పడుగు ఏమాయె?"

"చీరలాయె. ఒకటి చెల్లెకు వెట్టిన. కట్టి కట్టి చినిగితే మొన్న బొంత కుట్టింది."

అంబదాస్ అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను సూడనే లేదు గద బావా, ఆమె కట్టంగ."

కాబట్టి పాఠకులారా, వారెంటు మహా గొప్పది. ఎక్కడ దాక్కున్నా మనిషిని పట్టి తెచ్చి నిలబెడుతుంది. మరి ఆ చీర కొత్తగా ఉన్న రోజుల్ని పట్టి తెచ్చే వారెంటు ఏ కోర్టులో ఇస్తారో కాస్త కనుక్కుని చెబుదురూ? వారెంటు లేకపోతే సమనైనా సరే, ఎన్ని వాయిదాలు పడినా వచ్చి గోడ నీడన నిలబడతానంటోంది సక్కుబాయి.