రోబోకు పెట్టిన బొట్టు

వరంగల్ చరిత్రను ఇకమీదట రోబోకు ముందు, రోబోకు తరువాత అని విభజించి చదువుకోవాలి. ఎందుకంటే మా మట్టి నాడి కేంద్రానికి రోబో వచ్చింది. చవక రోబో. (ప్లాస్టిక్ చేయి, సెల్‌ఫోన్ కెమెరా కన్ను. టెండరులో దీన్నే 'దివ్యదృష్టి' అన్నారు.) రైతు తెచ్చిన మట్టిని చేయి తీసి పళ్లెంలో పోస్తుంది, కన్ను రంగు చూసి అది ఏ నేలో, ఏ ఎరువు వేయాలో చెబుతుంది. మనుషులకు వారం పట్టే పని గంటలో అయిపోతుంది. మిగతా వారమంతా సిబ్బంది రోబోను కనిపెట్టుకుని కూర్చుంటారు.

దసరాకు ఆయుధపూజ చేశారు. కేంద్రం అధికారి ఓంప్రకాశ్ గారు స్వహస్తాలతో చేతికి పసుపు రాసి, నుదురు ఎక్కడుందో తెలియక కెమెరా మీదే ఇంత కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాటి నుంచి జిల్లాలో నేలంతా ఎర్రబడింది.

పరకాల అవతలి ఊరి నుంచి మొగిలమ్మ రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"సారూ, నాది నల్లరేగడి. ఇందుల ఎర్ర చెల్క అని రాసిన్రు. మక్క పెట్టాలె, భూమిల పదును ఆరిపోతాంది. ఏ మందు ఎయ్యాల్నో జర సక్కగ చెప్పున్రి. పోయిన పంట మందు తప్పయ్యే ఎండిపాయె."

"నీ చేనును నువ్వు సరిగ్గ చూసుకున్నవా అమ్మా?" అన్నారు అధికారి.

టెక్నీషియన్ స్రవంతి మెల్లగా నోరు విప్పింది. "సార్, కెమెరా మీద బొట్టున్నది. తుడుస్తే అయిపోతది."

ఓంప్రకాశ్ గారు ఉలిక్కిపడ్డారు. "పండుగపూట పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవలన్న? అశుభం!"

వెంటనే బొట్టు నిర్వహణ ఉపసంఘం కూర్చుంది. బొట్టు ప్రభుత్వ ఆస్తి అని తేల్చింది. (కుంకుమ స్టేషనరీ పద్దులో వచ్చింది.) అది దానంతటదే రాలిపోయేదాకా జిల్లాలోని నేలలన్నింటినీ తాత్కాలికంగా ఎర్రనేలలుగా పరిగణించాలని తీర్మానించింది. గాలికి ఎక్కడ రాలిపోతుందోనని ఫ్యాను కూడా బంద్ చేయించింది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న మొగిలమ్మకు ఒళ్లు మండింది.

"నా మొగడు సచ్చిననాడు నా బొట్టు తుడిచిన్రు సారూ. గప్పుడు ఏ కమిటీ కూసోలే."

ఈ మాట అజెండాలో లేనందున మినిట్స్‌లోకి ఎక్కలేదు. మొగిలమ్మ చేలో పదును ఆరిపోయింది. రోబో పసుపుకుంకుమలు మాత్రం చల్లగా ఉన్నాయి.